గుజ్జు అయిపోయిందట!

"అమ్మగారి మోకాళ్లలో గుజ్జు అయిపోయింది. మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు, ఎక్కువ నడవొద్దు."

మూడేళ్ల క్రితం ఒక డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసి, రెండు నిమిషాల్లో తేల్చేసిన మాట. ఆ రోజు నుంచి అమ్మకి మంచం, టీవీ తప్ప మరో లోకం లేదు. ఆర్నెల్లలో ఐదు కిలోలు పెరిగింది. తొడలు సన్నబడ్డాయి. నొప్పి తగ్గిందా అంటే, ఇంకా ఎక్కువైంది.

మోకాలు బైకు టైరా అండీ, తిరిగినకొద్దీ అరగడానికి? మనం గుజ్జు అనే ఆ మృదులాస్థికి రక్తనాళాలే లేవు. కీలులో ఉండే ద్రవం నుంచే దానికి తిండి. అడుగేసినప్పుడు నొక్కుకుని, కాలెత్తినప్పుడు స్పాంజిలా ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. అంటే మనిషిని కదలకుండా కూర్చోబెడితే గుజ్జుకి పస్తే. పైగా దానికి నరాలూ లేవు. నొప్పి పుట్టేది కింది ఎముకలో, చుట్టూ ఉండే పొరలో. అందుకే ఎక్స్‌రేలో ఘోరంగా కనిపించే మోకాళ్లతో హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఎక్స్‌రే బాగానే ఉన్నా కుంటేవాళ్లూ ఉన్నారు.

డాక్టర్లు ఆస్టియో ఆర్థరైటిస్ అనే ఈ జబ్బు మోకాళ్లతో ఆగేదీ కాదు. తుంటి, మెడ, నడుము, చేతి బొటనవేలి మొదలు, కాలి బొటనవేలి మొదలు అన్నిటికీ రావచ్చు. అమ్మ వేళ్ల చివరి కణుపుల దగ్గర గట్టి బుడిపెలున్నాయి. అంట్లు తోమి తోమి వచ్చాయనుకునేది. అవీ ఇదేనట! 18వ శతాబ్దపు ఇంగ్లండు డాక్టరు హెబర్డెన్ పేరుతోనే వాటిని పిలుస్తారు. మణికట్టు, మోచెయ్యి జోలికి మాత్రం ఇది మామూలుగా రాదు. అవి వాచి, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే వేరే జబ్బు కావచ్చు, దానికి ఆలస్యం చేయకుండా మందు మొదలెట్టాలి. మనమేమో రెండిటికీ "వాతం" అని పేరు పెట్టి వంకాయ మానేయమంటాం. పాపం, వంకాయ ఏం చేసింది!

డాలస్‌లో ఉన్న మా మామయ్య కీళ్లకు మంచిదని అమ్మే గ్లూకోసమైన్ బిళ్లల డబ్బాలు పంపుతూనే ఉంటాడు. ఆ అమెరికాలోనే 2006లో వెలువడిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద చూస్తే, అది ఉత్తుత్తి బిళ్లకంటే మెరుగని తేలలేదు. చెబితే వినడు.

చివరికి పనికొచ్చింది ఫిజియోథెరపీ అమ్మాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కాలు చాచి ఎత్తి పట్టుకోవడం, రోజుకు పది నిమిషాలతో మొదలెట్టి నడక. మొదటి రెండు వారాలు అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెబితే, రాత్రి అన్నం కాస్త తగ్గించింది. మోకాలి మార్పిడి ఆపరేషన్ వద్దని నేననను. నిద్ర పట్టనంత నొప్పి ఉండి, ఇవన్నీ చేసినా తగ్గకపోతే చేయించుకోవాల్సిందే. 2017లో కేంద్రం ఆ కృత్రిమ మోకాలి (ఇంప్లాంట్) ధరలకు కళ్లెం కూడా వేసింది. కానీ మొదటి రోజే భయపెట్టి మంచానికి కట్టేయడమేంటి?

నిన్న సాయంత్రం కూరగాయల సంచితో చెమటలు కక్కుతూ వచ్చింది అమ్మ. ఆటో ఎక్కలేదేమని అడిగితే, "నలభై అడిగాడే వాడు, ఇంత దూరానికి!" అంది.