బావగారి గేజ్ మార్పిడి

మా బావ కాపురం స్విండన్‌లో. లండన్ నుంచి పడమటికి రైల్లో గంట ప్రయాణం. గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన ఇంజిన్లను తయారుచేసుకున్న ఊరు అది. బ్రిటిష్ రైల్వే కోసం కట్టిన ఆఖరి ఆవిరి ఇంజిన్ కూడా 1960లో అక్కడి వర్క్‌షాపులోంచే బయటికొచ్చింది. అలాంటి ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నవాడికి, వాడెంత సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా, ఆ గాలి సోకకుండా ఉంటుందా?

మొదట్లో అంతా బాగానే ఉంది. అటక మీద గుండ్రంగా ఒక ట్రాకు, దాని మీద ఒక బుల్లి రైలు. పిల్లలకని కొన్నాడు, పిల్లలు చూడటం మానేసినా తను మానలేదు. అక్కకీ అభ్యంతరం లేదు. "మందు తాగడు, పేకాడడు, అటకెక్కుతాడు, అంతే" అనేది.

కొంప ముంచింది బొమ్మ రైళ్ళ క్లబ్బు. బావ ఒకసారి తన ఇంజిన్‌ని అక్కడికి పట్టుకెళ్ళాడు. అక్కడొక పెద్దాయన ఉన్నాడు. మెడలో దారం, దారానికి భూతద్దం, జేబులో వెర్నియర్. ఆయన ట్రాకు మీద వెర్నియర్ పెట్టి చూసి, చాలా మర్యాదగా, "మీ రైలు నాలుగడుగుల ఒకటిన్నర అంగుళాల లైను మీద నడుస్తోంది, తెలుసా?" అన్నాడట. ఆ రాత్రి బావ అన్నం సరిగా తినలేదు.

గొడవేమిటంటే, అసలు లైను వెడల్పు (గేజ్) నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే 1435 మిల్లీమీటర్లు. ఇంగ్లండు బొమ్మ రైళ్ళ కొలత అడుగుకి 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన బొమ్మ పట్టాల మధ్య దూరం 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులో దొరికేదేమో 16.5. ఐరోపాలో మిగతావాళ్ళు అడుగుకి మూడున్నర మిల్లీమీటర్ల కొలత వాడుకున్నారు, వాళ్ళకి 16.5 చక్కగా సరిపోయింది. ఇంగ్లండు ఇంజిన్లేమో కాస్త పొట్టివి, సన్నవి. ఆ కొలతలో చేస్తే ఆ రోజుల్లో దొరికే మోటారు వాటి పొట్టలో పట్టలేదు. దాంతో పట్టాలు అలాగే ఉంచి ఇంజిన్‌ని మాత్రం పెంచారు. లాల్చీ పెద్దది కుట్టించి, పాత పైజమాతోనే సరిపెట్టుకున్నట్టు. దేశమంతా దశాబ్దాలుగా ఆ పైజమాలోనే తిరుగుతోంది, ఎవరికీ సిగ్గులేదు. బావకి మాత్రం వచ్చింది.

తేడా ఎంత? 2.33 మిల్లీమీటర్లు. కావాలంటే మధ్యలో 18.2 మిల్లీమీటర్ల గేజ్ ఒకటుంది, ఈఎమ్ అంటారు. చాలామంది దాంతో తృప్తి పడతారు. కానీ మధ్యేమార్గాలు బావకి పడవు. నేరుగా 18.83కే వెళ్తానన్నాడు. దాని పేరు పీ-ఫోర్. క్లబ్బు పెద్దాయన జాలిపడి, "అయితే పన్నియర్ ట్యాంక్‌తో మొదలుపెట్టు. ఆరే చక్రాలు, సిలిండర్లు బయటికి కనపడవు, చిక్కులు తక్కువ" అని సలహా ఇచ్చాడు. బాయిలర్‌కి రెండు పక్కలా నీళ్ళ పెట్టెలు వేలాడే ఆ పొట్టి ఇంజిన్లని ఒక్క 5700 తరగతిలోనే 863 కట్టారు. బావ పాడుచేస్తాడేమోనన్న భయం లేకుండా బజార్లో బొమ్మలూ బోలెడు.

నేను సెలవు మీద వెళ్ళేసరికి ఇంజిన్ ముక్కలు ముక్కలుగా వంటింటి గట్టు మీద ఉంది. అటక మీద వెలుతురు చాలదట. పైగా సోల్డరింగ్ పొగ పీల్చడానికి వంటింట్లో చిమ్నీ ఉంది. ఛాసిస్ సమంగా కూర్చుందో లేదో చూడటానికి గాజుపలక కావాలని పెళ్ళి ఫోటో అద్దం ఊడదీశాడు. ఫోటోలో అక్క ముఖం మీద అప్పటికే ఫ్లక్స్ మరక పడింది.

"ఏరా, ఇలా రా. క్వార్టరింగ్ అంటే తెలుసా?" అన్నాడు. తెలుసన్నా చెప్పేవాడే, తెలీదన్నాను. ఇరుసుకి ఒక పక్క చక్రం మీది క్రాంక్ (రాడ్డు తగిలించే చోటు) కిందికి చూస్తుంటే, రెండో పక్కది సరిగ్గా తొంభై డిగ్రీల తేడాతో ముందుకో వెనక్కో చూడాలి. మూడు ఇరుసులకీ అదే తేడా ఉండాలి. ఏ ఒక్కటి కాస్త తప్పినా చక్రాలని కలిపే కప్లింగ్ రాడ్లు బిగుసుకుపోయి ఇంజిన్ కుంటుతుంది. బావది కుంటుతోంది. పైగా చక్రాలు దూరం జరిగేసరికి బాడీ లోపలి అంచుకి రాసుకుంటున్నాయి. అక్కడ ఆకురాయి పెట్టి అరగదీశాడు. ఆ పొడి ఇడ్లీ పిండిలో పడిందని అక్క, పడలేదని బావ. నేను ఆ పూట బ్రెడ్డు తిన్నాను.

ఎలాగో కుంటు పోయింది. ఇక క్రాంక్‌పిన్ల మీద ఇత్తడి బుష్‌లు, అంటే బుల్లి గొట్టాలు, తొడిగితే అయిపోయినట్టే. ఒక్కొక్కటి ఆవగింజంత. అయిదు ఎక్కాయి. ఆరోది ట్వీజర్ కొసనుంచి టింగుమని ఎగిరింది.

వంటింట్లో ఎవ్వరూ కదలకూడదని బావ ఆర్డరేశాడు. అక్క పొయ్యి మీద నూనె కాగుతోంది, అయినా కదలకూడదు. ఫ్రిజ్ మీది తిరుపతి మాగ్నెట్ పీకి నేలంతా పాకించాడు. రెండు గుండుసూదులు, ఒక పిన్నీసు అంటుకున్నాయి. "బావా, ఇత్తడికి అయస్కాంతం అంటదేమో" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి నేను గోడకంటాను. వాక్యూమ్ క్లీనర్ సంచీ పేపర్ మీద గుమ్మరించి, టార్చి పట్టుకుని, మా మేనకోడలు చిన్నప్పుడు పోగొట్టుకున్న చెవి కమ్మ మాత్రం కనిపెట్టాడు.

"అయిదు చాలవా ఏవండీ?" అంది అక్క.

"ఆరు చక్రాల బండికి అయిదింటికే నట్లు బిగిస్తే నువ్వెక్కుతావా?"

"ఇది నేనెక్కే బండి కాదు కదా!"

దీనికి బావ దగ్గర జవాబు లేదు. కొత్త ప్యాకెట్టు పోస్టులో రావాలి. ఆదివారం ఉగాది. ఆ రోజే క్లబ్బు పెద్దాయన్ని భోజనానికి పిలిచి, ఇంజిన్ చూపిస్తానని మాటిచ్చాడు. ఆ రెండు రోజుల టెన్షన్ మా అక్క పురిట్లో కూడా చూడలేదట.

ఆదివారం పెద్దాయన కోటు వేసుకుని, పూలగుత్తి పట్టుకుని వచ్చాడు. అక్క ముందుగా ఉగాది పచ్చడి పెట్టి, ఆరు రుచులుంటాయని, తీపీ చేదూ ఏదొచ్చినా ఇవాళ కాదనకుండా తినాలని వివరించింది. ఆయన కాదనకుండా తిన్నాడు. తర్వాత పులిహోర వడ్డించింది. రెండో ముద్దకి ఆయన నోట్లో కరకరమని కాక, కట్టుక్కున చప్పుడైంది. మేమందరం విన్నాం. ఆయన మాత్రం ముఖం మారనివ్వకుండా నెమ్మదిగా నములుతూనే ఉన్నాడు.

"ఏమైనా రాయి తగిలిందా?" అంది అక్క కంగారుగా.

"లేదు లేదు, చాలా బాగుంది. ఏడో రుచి అనుకున్నాను" అన్నాడాయన.

తర్వాత ఇక వల్ల కాక, నాప్‌కిన్ చాటున దాన్ని తీసి, మెడలో భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. "క్రాంక్‌పిన్ బుష్!" అన్నాడు.

బావ కుర్చీలోంచి లేచిన తీరు నేనింతవరకూ చూడలేదు. పెద్దాయన పన్ను సంగతి అడగలేదు. "దెబ్బ తగిలిందా?" అని అడిగాడు, అడిగింది బుష్‌ని గురించి. పెద్దాయన జేబులోంచి వెర్నియర్ తీసి కొలిచి, ఏమీ కాలేదన్నాడు. మొన్న తెరిచి ఉన్న పోపుల డబ్బాలో, పచ్చిశనగపప్పు గిన్నెలో పడిందన్నమాట. ఆ పసుపు రంగులో ఎవరికి కనపడుతుంది? ఇంగువతో సహా నూనెలో వేగింది కాబట్టి తుప్పు కూడా పట్టదని అక్క అంది. పెద్దాయన దాన్ని నిజమనుకుని ఇంగువ స్పెల్లింగ్ రాసుకున్నాడు.

సబ్బుతో కడిగి తొడిగాక, రెండడుగుల చెక్క మీద పన్నియర్ ట్యాంక్ ఇటు నుంచి అటు వెళ్ళింది, అటు నుంచి ఇటు వచ్చింది. కుంటలేదు, పట్టా తప్పలేదు. పెద్దాయన "నాట్ బ్యాడ్" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన మాట ఎవరూ వినలేదట. బావ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ ఊపులో మా నాన్నకి వీడియో కాల్ చేశాడు. నాన్న రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. గుంటూరు-గుంతకల్లు మీటర్ గేజ్ లైను బ్రాడ్ గేజ్ అయినప్పుడు ఎండలో నిలబడి పని చేయించిన మనిషి. వెయ్యి మిల్లీమీటర్లని 1676 చేసినవాడికి బావ తన రెండుంపావు చూపించాడు. నాన్న చాలాసేపు చూసి, "ఇంజిన్ మార్చారు సరే అల్లుడుగారూ, మరి లైనో?" అన్నాడు.

అటక మీద ఉన్నది పాత లైను. ఈ చక్రాలు దాని మీద నిలబడవు. ఆ సంగతి బావకి మొదట్నుంచీ తెలుసు, అక్కకి మాత్రం ఇప్పుడే తెలిసింది.

"అదెంత పని మామయ్యగారూ! మా ఊరి కంపెనీ 1892 మే నెలలో, ఎక్సెటర్ నుంచి కార్న్‌వాల్‌లోని ట్రూరో దాకా ఏడడుగుల లైనంతా ఒక్క శని ఆదివారాల్లో మార్చేసింది" అన్నాడు బావ, అక్క వైపు చూడకుండా.

"వాళ్ళకి నాలుగు వేల మందికి పైగా కూలీలున్నారు. మీకెవరున్నారు?"

అందరూ నావైపు చూశారు. పెద్దాయనకి తెలుగు రాదు, ఆయనా చూశాడు.

ఆ రాత్రి గెస్ట్ రూమ్‌లో నిద్రపోతుంటే లైటు వెలిగింది. బావ టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. "కాస్త కాళ్ళు ముడుచుకోరా. ఈ గేజ్‌కి నాలుగడుగుల వ్యాసార్థం లేకపోతే కర్వు తిరగదు, నీ పరుపు మీంచే పోవాలి. ఇంతకీ నీ టికెట్ మార్చుకోవచ్చా? ప్లైవుడ్ స్లీపర్లు కొయ్యాలి, ఒక్కో దాని మీదా పట్టాల్ని పట్టి ఉంచే చెయిర్లు రెండేసి అతికించాలి."