వంటింటి కత్తితో మాత్రం మొదలుపెట్టకండి

గురిచూసి కత్తులు విసిరే ఆటకు మణికట్టు బలం కావాలని ఒక వ్యాసంలో చదివాను, నా అనుభవం దీనికి పూర్తిగా రివర్స్. మణికట్టు బిగించి, చేయి ముందుకు తిన్నగా చాపుతూ కత్తిని దానంతట అదే జారిపోనివ్వాలి. మొదటి నెలంతా మణికట్టు విదిలించి విదిలించి నేను సాధించింది భుజం నొప్పి ఒక్కటే!

అసలు కిటుకంతా దూరంలోనే ఉంది. పిడి పట్టుకుని విసిరితే సుమారు 3 మీటర్లలో ఒక చుట్టు తిరుగుతుంది, మొన వైపు పట్టుకుంటే 2 మీటర్ల దగ్గర అర చుట్టు చాలు. కత్తి పిడి పైకి లేచి గుచ్చుకుందంటే ఎక్కువ తిరిగినట్టు, కాస్త ముందుకు జరగండి, పిడి కిందికి వాలితే వెనక్కి. విసురు మార్చొద్దు, కాళ్లే మార్చాలి.

వంటింటి కత్తి వద్దు, విరుగుతుంది. 30 సెంటీమీటర్ల పొడవుండి, అంచు మొద్దుగా, మొన మాత్రమే సూదిగా ఉన్నవి ఒకేలాంటివి మూడు తీసుకోండి. లక్ష్యానికి చెక్క పలక కన్నా అడ్డంగా కోసిన మెత్తటి దుంగ ముక్క మేలు, నారల మధ్య మొన సులువుగా దిగుతుంది. కత్తి ఎగిరి వెనక్కి రావడం మామూలే, అందుకే బూట్లు తప్పనిసరి, పిల్లలూ కుక్కలూ మీ వెనకే ఉండాలి.