దూడగడ్డి కోసం తాటిచెట్టెక్కిన ప్రభుత్వం

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. ఈ సామెతను మన పెద్దలు ఎగతాళికి పుట్టించారని ఇన్నాళ్లూ పొరబడ్డాను. ఇరాక్‌కు సాగిన ఆయుధ సంబంధ ఎగుమతుల మీద బ్రిటన్‌లో న్యాయమూర్తి సర్ రిచర్డ్ స్కాట్ ఇచ్చిన విచారణ నివేదిక చదివాక (చదివినంత మేరకే, అది 1,806 పేజీలు, నాకూ సంసారం ఉంది) జ్ఞానోదయమైంది. అది సామెత కాదు, పరిపాలనా విధానం. చెట్టెక్కినవాడు అబద్ధమాడలేదు. దరఖాస్తులో ఆ గడిని అలాగే నింపమని ఎవరో పెద్దమనిషి ముందుగా చెప్పి ఉంటాడు.

కోవెంట్రీలో మ్యాట్రిక్స్ చర్చిల్ అనే కంపెనీ ఉండేది. లేత్ యంత్రాలు చేసేది. 1987లో దాన్ని ఇరాకీలు కొనుక్కున్నారు. లేత్ అంత నిర్దోషి యంత్రం మరొకటి లేదు. ఉక్కు దిమ్మను బిగించి తిప్పితే, ఉలి ఎక్కడ తగిలితే అక్కడ చెక్కుకుంటూ పోతుంది. సైకిలు ఇరుసూ వస్తుంది, ఫిరంగి గుండు తొడుగూ వస్తుంది. కొలతలు వేరు, అంతే. ఎగుమతి లైసెన్సు దరఖాస్తులో ఏ పనికి వాడతారన్న చోట ‘సాధారణ ఇంజినీరింగ్’ అని రాశారు. గుండ్లు చేయడం ఇంజినీరింగ్ కాదని ఎవరనగలరు? ఇరాక్‌లో అప్పటికి అది సాధారణం కాదని మాత్రం ఎవరనగలరు?

ఈ రాతకోతల్లో కంపెనీలకు తర్ఫీదు కూడా దొరికింది. 1988 జనవరిలో అప్పటి వాణిజ్య సహాయమంత్రి అలన్ క్లార్క్ యంత్రాల తయారీదారులను పిలిచి కూర్చోబెట్టి, శాంతియుత వినియోగాన్ని నొక్కి చెప్పండని హితవు పలికారు. చెట్టు కింద నిలబడి దూడగడ్డి అని చెప్పు నాయనా అంటూ పాఠం చెప్పే మంత్రులు మనకెందుకు పుట్టరో!

ఇదంతా అర్థం కావాలంటే కాస్త వ్యాకరణం తెలియాలి. ఇరాన్, ఇరాక్ కొట్టుకుంటున్న రోజుల్లో, 1984 చివర్లో, విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌ పేరు మీద కొన్ని సూత్రాలు వెలిశాయి. ప్రాణాలు తీసే ఆయుధాలు ఇద్దరికీ ఇవ్వం. యుద్ధాన్ని పొడిగించేలా, ముదిరించేలా ఎవరి సత్తానైనా చెప్పుకోదగినంతగా పెంచే రక్షణ సామగ్రికి కొత్త ఆర్డర్లు ఒప్పుకోం. ఈ శుభవార్త పార్లమెంటుకు చేరింది 1985 అక్టోబరులో. మంచిమాట కదా, నెమ్మదిగా చెప్పారు.

1988 ఆగస్టులో కాల్పుల విరమణ వచ్చింది. వ్యాపారానికి తలుపులు తెరుచుకునే వేళ చిన్న ఇబ్బంది. ఆ మార్చిలోనే సద్దాం హుస్సేన్ సేనలు ఇరాక్‌లోనే హలబ్జా అనే ఊళ్లో కుర్దుల మీద విషవాయువు వదిలాయి. బ్రిటన్ ఆగ్రహం ప్రకటించింది కూడా. ఆ నోరు ఆరకముందే ఆయుధాల నిబంధన సడలిస్తే మరీ నీతిమాలినట్టు కనిపిస్తుందేమోనని విదేశాంగ శాఖ కాగితం మీదనే మథనపడింది. ‘కనిపిస్తుందేమో’ అన్న క్రియను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి. ‘నీతిమాలిన పని అవుతుందేమో’ అని రాయలేదు. కాబట్టి మందు కూడా తేలిక: కనిపించకపోతే సరి.

ఆ డిసెంబరులో ముగ్గురు సహాయమంత్రులు సమావేశమయ్యారు: విదేశాంగం నుంచి విలియం వాల్డ్‌గ్రేవ్, వాణిజ్యం నుంచి క్లార్క్, రక్షణ నుంచి లార్డ్ ట్రెఫ్‌గార్న్. ఇకమీదట కాల్పుల విరమణను మీరి దాడికి దిగడానికి నేరుగా, చెప్పుకోదగినంతగా తోడ్పడే సామగ్రిని మాత్రమే ఆపుదామని అనుకున్నారు. పార్లమెంటుకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? సూత్రాన్ని మార్చలేదు కదా, భాష్యం రాశారు. పాణిని సూత్రానికి పతంజలి భాష్యం రాసి ఏ సభకు విన్నవించుకున్నాడు? సభ్యులు అడిగినప్పుడల్లా విధానం మారలేదంటూ ఉత్తరాల మీద ఉత్తరాలు వెళ్లాయి. ఆ తర్వాత ఇరాన్‌కు సూత్రమూ, ఇరాక్‌కు భాష్యమూ వర్తింపజేసుకున్నారు. నిష్పాక్షికతంటే ఇద్దరికీ ఏదో ఒకటి దక్కడమే.

1990 ఏప్రిల్‌లో టీస్‌పోర్ట్ రేవులో కస్టమ్స్ వాళ్లు ఎనిమిది ఉక్కు గొట్టాలను ఆపారు. మనిషి వంగి దూరగలిగేంత, మీటరు వెడల్పు బోలు. కాగితాల్లో చమురు పరిశ్రమ గొట్టాలని ఉంది. నిజానికి అవి జెరాల్డ్ బుల్ అనే ఫిరంగుల నిపుణుడు ఇరాక్ కోసం రూపకల్పన చేసిన, 150 మీటర్లు దాటిన మహాఫిరంగికి ముక్కలు. ఆయన్ను అంతకు ముందు నెలలోనే బ్రస్సెల్స్‌లో ఎవరో కాల్చి చంపారు. ఆగస్టులో సద్దాం కువైట్‌ను మింగాడు. అప్పుడు గుర్తొచ్చింది ప్రభుత్వానికి, ఎవరో ఇరాక్‌కు యంత్రాలు అమ్మారని.

కోవెంట్రీ కంపెనీ డైరెక్టర్లు ముగ్గురిని బోనెక్కించారు. వాళ్లలో ఒకరు ఇరాక్ కర్మాగారాల కబుర్లు బ్రిటిష్ గూఢచారి సంస్థకే మోస్తూ వచ్చిన మనిషి. అంటే, మాకు తెలియకుండా దాచావని ప్రభుత్వం ఎవరి మీద కేసు పెట్టిందో, ప్రభుత్వానికి చెప్పినవాడు ఆయనే. ఈ సంగతులున్న పత్రాలు బయటపెట్టడం ప్రజాహితం కాదని మంత్రులు వరసగా సంతకాలు చేశారు. సంతకం మీ విధి అని అటార్నీ జనరల్ సర్ నికొలస్ లయెల్ సలహా. వాణిజ్య మంత్రి మైకేల్ హెసెల్‌టైన్ ఒక్కరికే చెయ్యి ఆడలేదు. చివరికి మాటలు మార్పించుకుని ఆయనా చేశారు. న్యాయమూర్తి మాత్రం పత్రాలు తెమ్మన్నారు. 1992 నవంబరులో సాక్షి బోనులో క్లార్క్, వాస్తవం విషయంలో పొదుపు పాటించానని ఒప్పుకున్నారు. వాస్తవమన్న మాటకు ఆయన ఇంగ్లీషు వాడలేదు, ఫ్రెంచి మాట వాడారు. స్వభాషలోని పదాన్ని ఖర్చుపెట్టడానికి కూడా మనసొప్పని పొదుపరి! కేసు అక్కడికక్కడే కూలింది.

ప్రధాని జాన్ మేజర్ వెంటనే స్కాట్ గారిని విచారణకు నియమించారు. ఆ విచారణలో దొరికిన వేదాంతం ఉపనిషత్తుల్లోనూ అరుదు. సత్యమనేది చాలా కష్టమైన భావన అని రక్షణ శాఖ అధికారి ఇయాన్ మెక్‌డొనాల్డ్ సెలవిచ్చారు. సగం బొమ్మ చూపినా అదీ నిజమే కావచ్చన్న వాదం కూడా వినిపించింది. ధర్మరాజు ‘అశ్వత్థామా హతః’ అని గట్టిగా, ‘కుంజరః’ అని మెల్లగా అన్నందుకు నేలకు నాలుగంగుళాల పైన నడిచే రథం కింద పడింది. ఆయన పక్కన ఒక్క శాఖాధికారి ఉన్నా ఆ రథం ఇంకో అంగుళం పైకి లేచేది. ఇక వాల్డ్‌గ్రేవ్ అప్పటికి ప్రభుత్వ పారదర్శకత చూసే మంత్రి. ఆ హోదాలోనే 1994లో ఒక పార్లమెంటు సంఘం ముందు, అసాధారణ పరిస్థితుల్లో సభకు అసత్యం చెప్పవలసి రావచ్చన్నారు. అంతకన్నా పారదర్శకంగా ఎవరుండగలరు?

నివేదిక 1996 ఫిబ్రవరి 15న వెలువడింది. విమర్శలకు గురైన మంత్రులకు చదువుకోవడానికి ఎనిమిది రోజులిచ్చారు. ప్రతిపక్షం తరఫున రాబిన్ కుక్‌కు రెండు గంటలు. కాపలా ఉంది, నకలు తీసుకోకూడదు. నిమిషానికి పదిహేను పేజీలు. మన పరీక్ష హాళ్లలో స్లిప్పుల కోసం జేబులు తడిమే ఇన్విజిలేటర్లు కూడా ప్రశ్నపత్రం చదువుకునే వ్యవధి ఇస్తారు. మధ్యాహ్నం మూడున్నరకు పత్రికలవాళ్లకు నివేదికతో పాటు ఒక కట్ట అందింది. అందులో ప్రభుత్వానికి నచ్చిన వాక్యాలు ఏరి పెట్టి ఉన్నాయి. అయినా కుక్ ఆ రోజు సభలో ప్రభుత్వాన్ని చెరిగిపారేశాడు. బుద్ధిమంతుడైన విద్యార్థిని చూస్తే హెడ్మాస్టర్లకు పడనిది ఇందుకే.

తీర్పు? వాల్డ్‌గ్రేవ్ ఉత్తరాల్లో రాసింది నిజం కాదు, కానీ ఆయనకు మోసపు ఉద్దేశం లేదు, తాను రాసింది ఆయన మనసారా నమ్మారు. హెసెల్‌టైన్ సందేహం కోర్టుకు చేరకపోవడం లయెల్ తప్పే. అయినా పాము చావలేదు, కర్ర విరగలేదు, ఎవరి కుర్చీ కదలలేదు. ఫిబ్రవరి 26న ఈ నివేదిక మీద సభలో ఓటింగు. ఓడితే ప్రభుత్వం మీద అవిశ్వాసంగానే చూస్తామని మేజర్ సొంత పక్షాన్ని ముందే హెచ్చరించారు. 320 మంది అటు, 319 మంది ఇటు. ఒక్క ఓటు తేడాతో సత్యం స్థిరపడింది.

అన్నట్టు, ఈ ఎగుమతులన్నిటినీ అదుపు చేసిన చట్టం 1939 నాటిది. హిట్లర్ మీద యుద్ధానికని హడావిడిగా తెచ్చిన అత్యవసర చట్టం. హిట్లర్ పోయి అర్ధశతాబ్దం దాటినా అత్యవసరం పోలేదు. స్కాట్ మొట్టికాయ వేశాక, తీరుబడిగా 2002లో కొత్త చట్టం చేశారు.

ఆ మహాఫిరంగి గొట్టం ముక్కలు ఇప్పుడు పోర్ట్స్‌మత్ దగ్గర ఫోర్ట్ నెల్సన్ ఆయుధ ప్రదర్శనశాలలో ఉన్నాయి. జనం వెళ్లి చూస్తారు. అక్కడ మాత్రం వాటిని చమురు గొట్టాలని ఎవరూ అనడం లేదు. లైసెన్సు అక్కర్లేదు కదా.