మా బావగారు నిన్న తీసిన 1900 నాటి రైలు

పర్లాకిమిడి పౌరులకు జరుగుతున్న ఒక ఘోరాన్ని లోకం దృష్టికి తేక తప్పడం లేదు. వికీపీడియాలో మా ఊరి పేజీకి ఫోటో పెట్టాలంటే, ఆ ఫోటో ఎవరు తీశారో చెప్పాలట! వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకి తీసినవాడు ఉంటాడా? వాన పడితే ఎవరు పోశారని అడుగుతామా?

పద్ధతి చూడటానికి బాగానే ఉంటుంది. ఫోటోని ముందు కామన్స్ అనే ఉమ్మడి గోదాములోకి ఎక్కించాలి. 2004లో తెరిచారు దాన్ని. అక్కడ చేరాక తెలుగు వికీలోనైనా ఒడియా వికీలోనైనా దస్త్రం పేరు రాస్తే చాలు, బొమ్మ ప్రత్యక్షం. 1936లో మేం ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి రెండు భాషల వాళ్లకీ గొడవ లేకుండా కుదిరిన ఏర్పాటు ఇదొక్కటేనేమో.

పేచీ అంతా ఎక్కించేటప్పుడు నింపే ఫారం దగ్గరే. నౌపడా నుంచి మా ఊరికి చిన్న రైలు 1900లో వచ్చింది. పొగ కక్కుతున్న ఆ ఇంజన్ ఫోటో మా బంధువుల గ్రూపులో పండగ పండగకీ తిరుగుతూనే ఉంటుంది. రిటైర్డ్ మాస్టారైన మా బావగారు దాన్ని ఎక్కించి, ‘స్వంత కృతి’, అంటే నేనే తీశాను అనే గడి దగ్గర టిక్కు పెట్టి, తీసిన తేదీ దగ్గర నిన్నటి తేదీ వేశారు. ఆయనకు షష్టిపూర్తి మొన్ననే అయింది. అది ఎలా కుదురుతుందని ఎవరో ఫోటోని తొలగింపు చర్చకు పెడితే, పెద్దవాళ్లంటే గౌరవం లేదని బాధపడ్డారు. అసలు మన కాపీరైట్ చట్టం ప్రకారం అచ్చయిన ఫోటోకి 60 ఏళ్లు దాటితే హక్కు తీరిపోతుంది. ఏ పుస్తకంలో, ఏ ఏడు అచ్చయిందో వెతికి రాస్తే ఫోటో నిలబడేది. నిజం చెప్పి గెలిచే కేసుని అబద్ధం చెప్పి ఓడిపోవడం మా వంశాచారం.

పేరు పెట్టడం ఇంకో తంతు. ఫోన్ ఇచ్చే ‘ఐఎంజీ’, దాని పక్కన అంకెలు, ఇలాంటి పేరు పనికిరాదన్నారు. సరేనని బావగారు ‘పర్లాకిమిడి ఫైనల్ 2’ అని పెట్టారు. తీరా పేజీలో బొమ్మ రాలేదు, ఆ పేరుతో ఫైలే లేదనే ఎర్ర లింకు వచ్చింది. ఎక్కించినప్పుడు ఫైలు పేరు చివర ‘జేపీజీ’ అన్నది ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాల్లో ఉంది, పేజీలో రాసింది చిన్న అక్షరాల్లో. ఆ యంత్రానికి అవి రెండు వేరు వేరు ఫైళ్లు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరివాళ్లం, మాతోనా ఈ గ్రాంథికం!

చట్టం కొంత నయం. బహిరంగ స్థలంలో ఉన్న భవనాన్నీ విగ్రహాన్నీ ఎవరైనా ఫోటో తీసుకోవచ్చంటుంది. కానీ మా బజారులో ఫ్లెక్సీ అడ్డం రాకుండా ఒక్క భవనాన్ని తీసి చూపించండి! ఫ్లెక్సీ మీద బొమ్మ వేరొకరి సొత్తు, దానికి ఈ మినహాయింపు లేదు. విగ్రహం కనబడాలంటే నాయకుడి పుట్టినరోజు అయిపోయేదాకా ఆగాలి, అయిపోయేసరికి ఇంకో నాయకుడు పుడతాడు. వీడియోల సంగతి ఎత్తకండి, మామూలు ఎంపీ4 రకం ఫైలు పుచ్చుకోరు.

కాబట్టి మా డిమాండు ఒక్కటే. ఫోటోని ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సుల జాబితాలో ‘ఎవరో పంపారు’ అనేది కూడా చేర్చాలి. దేశంలో సగం ఫోటోలకు అసలైన లైసెన్సు అదే.

ఈలోగా బృందావన్ ప్యాలెస్‌కి మంచి ఫోటో తీసిన స్టూడియో కుర్రాడి ఆచూకీ దొరికింది. బావగారు వెళ్లి అడిగారు.

“తప్పకుండా ఇస్తాను మాస్టారూ. ఎవరైనా వాడుకోవచ్చా?”

“ఎవరైనా. నీ పేరు వేసి అమ్ముకోవచ్చు కూడా.”

“అమ్ముకోవచ్చా? నాకేమిస్తారు?”

“పేరు వేస్తారయ్యా.”

కుర్రాడు కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాడు. ప్యాలెస్ నడిమధ్యన స్టూడియో పేరు, ఫోన్ నంబరు, కింద ‘పెళ్లిళ్లకు డ్రోన్ సౌకర్యం కలదు’ అని ఉండాలి. వాటర్‌మార్కులు కామన్స్ వాళ్లకు గిట్టవని నేను చెప్పేలోపే బావగారు ఒప్పేసుకున్నారు. డ్రోన్ బేరాల్లో ఆయన కమీషన్ ఎంతన్నది ఇంకా తేలలేదు.