సవరణ: అక్వైనాస్ చెప్పిన ఆది కారణం

దేవుడున్నాడని చూపడానికి క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వైనాస్ చేసిన వాదాన్ని మొన్నటి పోస్టులో ఇలా కుదించాను: "ప్రతిదానికీ కారణం ఉంది, కాబట్టి వెనక్కి వెళ్తే ఒక మొదటి రోజు తగలాలి, ఆ రోజును మొదలుపెట్టినవాడే దేవుడు." అది తప్పు.

13వ శతాబ్దంలో ఆయన రాసిన 'సుమ్మా థియొలాజియే' అనే దైవశాస్త్ర గ్రంథం మొదటి భాగం, 2వ ప్రశ్నలో ఉన్నది వేరు. ప్రతిదానికీ కారణం ఉందని ఆయన అనడు, ఏదీ తనకు తానే కారణం కాలేదని మాత్రమే అంటాడు. "మరి దేవుడికి కారణమేంటి?" అని మీలో కొందరు వేసిన ప్రశ్న నా వాక్యానికి సరిగ్గా తగిలింది, ఆయన వాదానికి కాదు.

మొదటి రోజు సంగతి మరీ అన్యాయం. లోకానికి ఆరంభం ఉందని తర్కంతో నిరూపించలేమని, అది విశ్వాసంతో ఒప్పుకోవాల్సిందేనని 46వ ప్రశ్నలో ఆయనే రాశాడు! ఆయన దృష్టిలో కారణాల వరసలు రెండు రకాలు. కమ్మరి చేతిలో సుత్తి విరిగితే ఇంకోటి అందుకుంటాడు. ఈ సుత్తి దెబ్బకు పాత సుత్తితో పనిలేదు. తండ్రులూ కొడుకుల వరసా అలాంటిదే, ఎంత వెనక్కి పోయినా ఆయనకు అభ్యంతరం లేదు. చెయ్యి కర్రను, కర్ర రాయిని కదిపే వరస అలా కాదు. చెయ్యి ఆగితే కర్రా ఆగుతుంది. అంతులేకుండా పోకూడదన్నది ఈ రెండో రకం వరసే.

ఆరంభం మీద నిలబడే వాదం అల్ గజాలీ వంటి ముస్లిం పండితులది. క్రైస్తవుల్లో బొనవెంచర్‌ది. ఆ వాదాన్నీ అక్వైనాస్ వాదాన్నీ నేనే కలిపేశాను. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.