హాట్ ఫేవరెట్ గారికి, ఒక బ్రెజిల్ అభిమాని విన్నపం

అయ్యా హాట్ ఫేవరెట్ గారూ,

ఫుట్‌బాల్ ప్రపంచకప్ అనగానే మా బ్రెజిల్ పేరు ముందు వచ్చి కూర్చునేది మీరే. మీరు మా ఇంటిపేరనుకునే వాళ్లు కూడా ఉన్నారు. 2026 కప్పు ముంగిట మీకో దండం. ఈ ఒక్కసారికి మమ్మల్ని వదిలెయ్యండి.

మీ చలవ మాకు కొత్త కాదు. 1950లో మారకానా మైదానం, ఉరుగ్వేతో ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకున్నా కప్పు మాదే. ఆట మొదలవకముందే మేయరుగారు మా వాళ్లను విజేతలంటూ ఉపన్యాసం దంచేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! మొదటి గోలు మేమే కొట్టాం, పాపం. తర్వాత స్కియాఫినో ఒకటి, ఘిగ్గియా ఒకటి. 2-1తో కప్పు ఉరుగ్వేకి పోయింది. ఆనాటి తెల్ల చొక్కా అచ్చిరాలేదని చెప్పి పసుపు చొక్కాకి మారాం. చొక్కా ఏం చేసిందండీ? మీద పడ్డ ముద్ర మీది. చొక్కా మార్చుకున్నాం గానీ మిమ్మల్ని భద్రంగా దాచుకున్నాం.

1982లో జికో, సోక్రటీస్, ఫల్కావో. ఇటలీతో మళ్లీ డ్రా చాలు. పావ్లో రోసీ ఒక్కడే మూడు కొట్టి ఇంటికి పంపాడు. 2006లో రొనాల్డో, రొనాల్డీనో, కాకా, అడ్రియానో అందరూ ఉన్నారు, ఫ్రాన్స్ మీద గోలు మాత్రం లేదు. 2014లో జర్మనీతో సెమీస్ సంగతి ఎత్తకండి. 7-1 అని రాయడానికే నా చెయ్యి వణుకుతోంది.

మీరు మమ్మల్ని మరిచిపోయిన ఏడాది ఒకటుంది, 2002. కప్పుకి అర్హత తేల్చే క్వాలిఫయర్లలో ఆరు మ్యాచ్‌లు ఓడి, మూడో స్థానంతో ఎలాగో గట్టెక్కాం. మీరేమో ఫ్రాన్స్, అర్జెంటీనాల చంకెక్కారు. ఫ్రాన్స్ అప్పటికి ప్రపంచ విజేత, యూరప్ దేశాల కప్పు యూరో విజేత కూడా. ఇంగ్లండ్ లీగ్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన ఆన్రీ వాళ్లవాడే, ఇటలీ లీగ్ అగ్రస్థానం పంచుకున్న ట్రెజెగే వాళ్లవాడే. అలాంటి జట్టు మొదటి మ్యాచ్‌లోనే సెనెగల్ చేతిలో ఓడి, మొత్తం కప్పులో ఒక్క గోలూ కొట్టకుండా విమానమెక్కింది. అర్జెంటీనా కూడా గ్రూపు దశ దాటలేదు. మీ చూపు పడని మేం ఏడు మ్యాచ్‌లూ గెలిచి ఐదో కప్పు ఎత్తుకొచ్చాం. మీ బరువు లేకపోతే కాళ్లు ఎంత తేలిగ్గా ఆడతాయో!

అందుకే ఈసారి క్వాలిఫయర్లు చూస్తూ లోపల్లోపల మురిసిపోయాను. అర్జెంటీనా 4-1తో ఉతికింది. ఎల్ ఆల్టో కొండల మీద బొలీవియా కూడా ఓడించింది. అయిదో స్థానం. మొత్తం ఓటములు ఎన్నో తెలుసా? మళ్లీ ఆరే! "బ్రెజిల్ పని అయిపోయింది" అని ఎవరైనా అంటే నా చెవులకు సన్నాయి మోగినట్టుంది.

అంతలో ఇటలీవాడు ఆంచెలోట్టీ మా కోచ్‌గా వచ్చాడు. కోచ్‌గా యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు, ఐదు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచినవాడు కదా, ఆ వాసనకి మీరు మళ్లీ మా గుమ్మం దగ్గర తచ్చాడుతున్నారని నా అనుమానం. ఒక్క మాట: 2022 దాకా జరిగిన ఇరవై రెండు కప్పుల్లో పరదేశీ కోచ్‌తో గెలిచిన జట్టు ఒక్కటీ లేదు. కాబట్టి మాకు ఆశ లేదు, మీకు పని లేదు. దయచేయండి.

స్పెయిన్‌కి వెళ్లండి. 2024 యూరో గెలిచారు, యమాల్ లాంటి కుర్రాడున్నాడు, మర్యాదలకు లోటుండదు. 2010లో మిమ్మల్ని నెత్తిన మోస్తూనే, తొలి మ్యాచ్ స్విట్జర్లాండ్‌కి సమర్పించుకుని కూడా కప్పు గెలిచారు. వాళ్లకి మీరు అరుగుతారు. మాకు అరగరు.

మా గ్రూపు సంగతంటారా? మొరాకో, హైతీ, స్కాట్లండ్. అంత కష్టమేం కాదు, ఇక క్వార్టర్స్ దాకా...

ఛ! చూశారా, నా కలంలోకే దూరారు! ఆ వాక్యం కొట్టేశాను. మొరాకో 2022లో సెమీస్ ఆడిన జట్టు. చాలా కష్టమైన గ్రూపు అని రాసుకోండి.

ఇట్లు,
ఏ ఆశలూ లేని ఒక అభిమాని
(పసుపు చొక్కా ఇప్పటికే ఇస్త్రీ చేయించాను, ఆ సంగతి మన మధ్యే ఉండనివ్వండి)