పేడ చీనీకి, యూరియా గడ్డికి

అనంతపురం జిల్లాలో పాడి రైతు తన గడ్డిచేనుకు ఎరువు ఎంచుకునే పద్ధతికి దక్కాల్సిన గౌరవం ఇంతవరకూ దక్కలేదు. చదువుకున్నవాళ్లు దాన్ని అలవాటంటారు, కాస్త ధైర్యమున్నవాళ్లు అజ్ఞానమని కూడా అంటారు. నిజానికి అదొక సంపూర్ణ శాస్త్రం. అంగట్లో ఏ మూట ఉంటే మన నేలకు ఆ పోషకమే తక్కువైనట్టు. యూరియా లారీ వచ్చిన రోజు నత్రజని లోపం, డీఏపీ దిగిన రోజు భాస్వరం లోపం. రెండూ రాని రోజు నేల నిండు ఆరోగ్యంతో ఉంటుంది కాబట్టి రైతు టీ తాగి ఇంటికి పోతాడు.

భూసార పరీక్ష కార్డుల పథకం 2015లో వచ్చింది. చేనులో అక్కడక్కడా వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంతలు తీసి, మట్టిని కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసుకుంటూ చివరికి అరకిలో మిగిల్చి పంపమంటారు. ఇంత కష్టపడి తెచ్చుకున్న కార్డును మనవాళ్లు చాలా భద్రంగా చూసుకుంటారు. పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సు, బ్యాంకు నోటీసు ఉండే ప్లాస్టిక్ కవర్లోనే దానికీ చోటు. పొటాష్ గడిలో ఏం రాశారో చూడ్డానికని దాన్ని బయటికి తీసినవాళ్లు అరుదు. తీస్తే అనవసరంగా మనసు పాడవుతుంది.

కార్డు చెప్పలేనిది అంగడి చెబుతుంది.

"అన్నా, గడ్డికి ఏమేయాల?"

"ఎన్ని ఆవులుండాయి?"

"ఎనిమిది."

"మూడు మూటలు తీస్కపో. దాంతోపాటు ఈ సీసా కూడా."

"సీసాలో ఏముందన్నా?"

"అది తీసుకుంటేనే మూటలుండాయి."

ఆవుల లెక్కకూ ఎకరాల లెక్కకూ సంబంధమేమిటని అడిగేవాడు ఈ శాస్త్రానికి పనికిరాడు. మిషన్ మీద వేలిముద్ర పెట్టాలి, అది పడకపోతే వేలు చొక్కాకు తుడుచుకుని మళ్లీ పెట్టాలి. 45 కిలోల యూరియా మూట ధర 266 రూపాయల 50 పైసలు. ఆ 50 పైసలు తిరిగి ఇచ్చిన అంగడి మాత్రం నాకింకా తారసపడలేదు.

యూరియా మీద మనవాళ్ల ప్రేమను తప్పు పట్టేముందు దాని వెనకున్న సర్కారు ఆశీస్సులు కూడా చూడాలి. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ పెట్టినప్పుడు యూరియాను అందులో కలపలేదు. తర్వాత భాస్వరం, పొటాష్ ధరలు ఎగబాకితే యూరియా ధర ఉన్నచోటే కూర్చుంది. మన ఆవుల మేతలో ఏం ఎక్కువ కావాలో, ఏం తక్కువ కావాలో చాలావరకు ఆనాడే ఢిల్లీలో తేలిపోయింది. ఆవులను సంప్రదించిన దాఖలాలు లేవు.

ఇక నాణ్యత. సూపర్ నేపియర్ గడ్డి గానీ మొక్కజొన్న గానీ పచ్చగా ఉంటే చాలదు, నల్లగా కమ్ముకోవాలి. దారిన బైకు మీద పోయేవాడు ఆగి "ఏమేసినావన్నా?" అని అడగాలి. అడిగాడంటే మేత నాణ్యమైనదే. ఆవు ఒప్పుకుంటుందా అన్నది తర్వాతి సంగతి. యూరియా మరీ ఎక్కువైతే మొక్కలో నీరు పెరిగి చక్కెర తగ్గుతుందని, గాలికి చేను పడిపోతుందని, సైలేజీ, అంటే గుంతలో పాతరేసిన పచ్చిమేత, సరిగ్గా పులవదని శాస్త్రవేత్తలు చెబుతారు. గింజ పాలు దాటి పిండిగా మారే దశలో, పొడి పదార్థం 30-35 శాతం ఉన్నప్పుడు కోసి, సన్నగా తరిగి, గాలి లేకుండా తొక్కితే నెలన్నరకు గుంత తెరవగానే పుల్లటి వాసన రావాలట. మన గుంతల్లోంచి కొన్నిసార్లు వేరే వాసన వస్తుంది. దాన్ని ఆవులకు అలవాటు చేయాలి.

ఎండిన నేల మీద మిట్టమధ్యాహ్నం యూరియా చల్లడం కూడా ఈ శాస్త్రంలో భాగమే. కొంత అమోనియాగా మారి గాలికి పోతుంది. తర్వాత నీళ్లు ఎక్కువగా పారిస్తే కొంత మన ఎర్ర ఇసుక నేల అడుగుకు దిగిపోతుంది. మిగిలింది గడ్డికి. ఇంత న్యాయమైన పంపకం అన్నదమ్ముల మధ్య కూడా చూడం.

వాన మొహం చాటేసి చేను వాడినప్పుడు మోతాదు పెంచేవాళ్లున్నారు. వాళ్ల పట్టుదలను మెచ్చుకోవాలి. వాడిన జొన్నలో, మొక్కజొన్నలో ఆ నత్రజని మాంసకృత్తులుగా మారలేక నైట్రేటుగా కాండం మొదట్లో పేరుకుంటుంది. ఎండల తర్వాత ఒక వాన పడితే ఆ వెంటనే కొన్ని రోజులు ప్రమాదం మరీ ఎక్కువ. అది కడుపునిండా మేసిన ఆవు రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, డాక్టరు మిథిలీన్ బ్లూ పట్టుకుని పరుగెత్తాలి. లేత జొన్నకుండే నాము అనే విషం సంగతి ఇంకోటి. అది మన తాతలకే తెలుసు, పూతకు రాని జొన్నలోకి గొడ్డును వదిలేవాళ్లు కాదు. వాళ్లకు యూరియా దొరక్కపోవడం వల్ల జాగ్రత్త ఎక్కువగా ఉండేదనుకుంటాను. ఈ వివరాలన్నీ మూట మీద అచ్చేస్తే రైతుకు టెన్షన్ తప్ప ఒరిగేదేముంది?

అయితే ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన అధ్యాయం పేడది. ఎనిమిది ఆవులున్న రైతు ఇంటి ముందు దిబ్బ ఏడాదంతా పెరుగుతుంది. వేసవిలో చీనీ (బత్తాయి) తోట ఆసామి ట్రాక్టర్ తెచ్చి, బేరమాడి, లోడ్లకు లోడ్లు ఎత్తుకుపోతాడు. ఆ డబ్బుతో మనవాడు యూరియా కొని గడ్డికి చల్లుతాడు. ఆ గడ్డి తిని ఆవులు మళ్లీ పేడ వేస్తాయి, అది మళ్లీ చీనీకి పోతుంది. ఇలా మన నేలలోని సారమంతా ఏ గొడవా లేకుండా పక్క ఊరి చీనీ చెట్ల కింద చేరుతుంది. అక్కడి కాయలు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. ఆ రసం తాగేవాళ్లలో ఒక్కరైనా మన గడ్డిచేనుకు కృతజ్ఞత చెప్పిన పాపాన పోలేదు.

గింజ పంటలో పొటాష్ ఎక్కువ భాగం చొప్పలో ఉంటుంది. చొప్పను చేనులోనే దున్నేసినవాడికి అది నేలలోనే మిగులుతుంది. సైలేజీకి కోసినప్పుడు చొప్పా కంకీ అన్నీ పోతాయి, వెనక్కి రావడానికి దిబ్బ తప్ప దారి లేదు. ఆ దిబ్బ అమ్మేశాం. పొటాష్ మూట కొందామంటే ధర వినగానే గుండె జారుతుంది, పైగా వేసినా చేను నల్లబడదు. బైకు ఆగదు. అలాంటి ఎరువు ఎవడికి కావాలి? వెనకటికి రాత్రిళ్లు చేనులో గొర్రెల మందను నిలిపి, కాపరికి డబ్బో గింజలో ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ కొందరు నిలుపుతున్నారు. మందకు వేలిముద్ర అక్కర్లేదు, సీసా అంటగట్టరు. అందుకే దాన్ని ఆధునిక పద్ధతి అనలేం.

ఇంకొక చిన్న విషయం. ఆవు మేసిన పొటాష్‌లో ఎక్కువ భాగం బయటికొచ్చేది పేడలో కాదు, మూత్రంలో. నత్రజని కూడా బోలెడంత అందులోనే పోతుంది. సిమెంటు గచ్చు వేసిన కొట్టంలో పొద్దున్నే పైపు పట్టి కడిగితే అదంతా కాలువలోకి దిగి, గోడ కింది నుంచి పక్కాయన చేను గట్టుకు చేరుతుంది. వాసన వస్తోందని ఆయన మొదట గొడవపడ్డాడు. తర్వాత ఎందుకో మాట్లాడటం మానేసి, ఒకరోజు పార పట్టుకుని గట్టు తెగ్గొట్టి ఆ నీళ్లను తన నేపియర్‌లోకి తిప్పుకున్నాడు. ఇప్పుడు బైకులు అక్కడ ఆగుతున్నాయి. ఏమేసినావని అడిగితే "నాకు మందుల గురించి ఏం తెల్దబ్బా" అంటాడు. ఇంత తెలియనివాణ్ణి రైతు సదస్సులకు పిలవకపోవడంలో అధికారుల తప్పేమీ లేదు.